మెయిన్ క్యాంపస్ మా ఇంటి వెనకే, సీటు మాత్రం జిల్లాలో: రెండో ఏడాదికి మారే దారి ఉందా?

బాల్కనీ కుర్రాడు (ఆదివారం, రాత్రి 9:40)

మా ఇల్లు హైదరాబాద్ కూకట్‌పల్లిలోని కేపీహెచ్‌బీలో. నాలుగో అంతస్తు బాల్కనీలో నిలబడితే జేఎన్‌టీయూ (జేఎన్‌టీయూహెచ్) మెయిన్ క్యాంపస్‌లోని చెట్లు కనిపిస్తాయి. అక్కడే ఇంజినీరింగ్ చదువుతానని పదో తరగతిలో ఉన్నప్పుడే మా వాచ్‌మన్‌తో సహా అందరికీ చెప్పేశాను. తీరా ఎప్‌సెట్‌లో ర్యాంకు అటూ ఇటూ కాకుండా వచ్చింది. అదే విశ్వవిద్యాలయానికి జిల్లాలో ఉన్న కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్స్) దొరికింది. ఏ కాలేజీయో చెప్పను. బస్సు కంది మీదుగా పోతుంది, అంతవరకే.

కాలేజీ మీద నాకు ఫిర్యాదు లేదు. పాఠాలు బాగానే చెప్తున్నారు. మొదటి సెమిస్టర్‌లో పదికి 8.4 వచ్చింది. సమస్య నాతోనే. చేరిన రోజు తెచ్చిన పెట్టెను ఇప్పటికీ సర్దుకోలేదు. మంచం కింద నుంచి లాగి, కావలసిన చొక్కా తీసుకుని, మళ్ళీ జిప్పు వేసి తోసేస్తాను. గదిలో మిగతా ముగ్గురూ అలమర అరలు పంచుకున్నారు. నా అర ఎన్నాళ్ళకీ ఖాళీగానే ఉండడంతో అందులో ఉల్లిపాయలు, కెటిల్ పెట్టుకున్నారు. నేను అడగలేదు, వాళ్ళూ తియ్యలేదు.

రెండో ఏడాదిలో కూకట్‌పల్లికి మారవచ్చని ఒక సీనియర్ అన్నాడు. రెండు కాలేజీల నుంచీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఉంటే చాలని ఇంకొకరు అన్నారు. పలుకుబడి ఉన్నవాళ్ళ సిఫారసు ఉత్తరం కావాలని మరొకరు. క్రెడిట్ బ్యాంకు వచ్చింది కాబట్టి ఎక్కడికైనా వెళ్ళవచ్చని మా బాబాయి. ఏది నిజం? సంక్రాంతి సెలవులు ఇంకో మూడు రోజులే ఉన్నాయి. ఈలోపే నాన్నతో మాట్లాడాలి.

రూలు పుస్తకం (ఆదివారం, రాత్రి 10:15)

ఊహాగానాలు ఎందుకు? జేఎన్‌టీయూహెచ్ బీటెక్ అకడమిక్ నిబంధనలు వెబ్‌సైటులోనే ఉన్నాయి. విద్యార్థుల బదిలీల గురించిన భాగం తెరవండి. ప్రవేశాల ప్రక్రియ ముగిశాక బ్రాంచి మార్పు ఉండదు. విశ్వవిద్యాలయం సొంత కాలేజీల్లో, యూనిట్లలో ఒకదాని నుంచి మరొకదానికి మార్పు ఉండదు. ఇందులో ‘సాధారణంగా’ అనే మాట కూడా లేదు. జగిత్యాల, మంథని, సుల్తాన్‌పూర్, సిరిసిల్ల, వనపర్తి, ఎక్కడ చేరినా ఇదే వర్తిస్తుంది.

తమాషా ఏమిటంటే ఆ తర్వాతి అంశం వేరే విశ్వవిద్యాలయాల నుంచి జేఎన్‌టీయూహెచ్ అనుబంధ కాలేజీలకు మారి వచ్చేవాళ్ళ గురించి. వాళ్ళు అక్కడ చదవని ఇక్కడి సబ్జెక్టులు కొత్తగా పాసవ్వాలి. చదివిన సబ్జెక్టే అయినా ఇక్కడ వేరే సెమిస్టర్‌లో ఉంటే మళ్ళీ చదవాలి. అంటే ఎక్కడి నుంచో ఒక అనుబంధ ప్రైవేటు కాలేజీకి వచ్చేవాడికి షరతులతో అయినా తలుపు ఉంది, మీకు మాత్రం మీ ఇంటి వెనక గోడే.

సీనియర్ చెప్పింది బహుశా స్లైడింగ్ గురించి అయి ఉంటుంది. అది కౌన్సెలింగ్ సమయంలో అదే కాలేజీలో ఒక బ్రాంచి నుంచి ఇంకో బ్రాంచికి జరగడం. ఆ బస్సు వెళ్ళిపోయింది.

మియాపూర్ డిపో (ఆదివారం, రాత్రి 10:22)

రూలు పుస్తకం గారూ, కుర్రవాడు పండగకు ఇంటికి వచ్చాడు. కాస్త అరిసె ముక్క నోట్లో పెట్టి ఆ తర్వాత చెప్పవలసింది.

బాల్కనీ కుర్రాడు (ఆదివారం, రాత్రి 10:31)

ఫర్వాలేదండీ. ఆ భాగం నేనూ చూశాను. చదివి, మినహాయింపు ఇంకో పేజీలో ఉంటుందేమో అని చివరిదాకా వెతికాను.

క్రెడిట్ బ్యాంకు సంగతి?

రూలు పుస్తకం (ఆదివారం, రాత్రి 10:50)

మీ బాబాయి చెప్పింది అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ గురించి. దాని మీద విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2021లో నిబంధనలు తెచ్చింది. సబ్జెక్టులు పాసై మీరు సంపాదించిన పాయింట్లు, అంటే క్రెడిట్లు, అందులో జమ అవుతాయి, గరిష్ఠంగా 7 ఏళ్ళు చెల్లుతాయి. పట్టా ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలి. అయితే క్రెడిట్ జమ కావడం వేరు, సీటు రావడం వేరు. చేతిలో టికెట్ డబ్బులున్నంత మాత్రాన బస్సులో ఖాళీ ఉండాలని లేదు. బీటెక్‌లో సీట్లు కౌన్సెలింగ్‌లో నిండుతాయి. మిమ్మల్ని చేర్చుకోవాల్సిన కాలేజీ ముందు ఒప్పుకోవాలి, ఆ తర్వాతే బ్యాంకు పని. మీ బాబాయి బ్యాంకు అన్న మాట పట్టుకున్నారు, అంతే.

రెండుసార్లు ఫ్రెషర్ (సోమవారం, ఉదయం 7:05)

నేను నీ స్థానంలో ఉన్నవాడినే తమ్ముడూ. ముందు ఒక హెచ్చరిక. ఉత్తరం, పలుకుబడి అన్న మాట వినగానే నేను అమీర్‌పేటలో ఒక కన్సల్టెంటు దగ్గరికి వెళ్ళాను. రెండో అంతస్తులో చిన్న గది, గోడ నిండా ఫొటోలు. టీ తెప్పించాడు. మూడు లక్షలు అన్నాడు, సగం ముందుగా. రసీదు అడిగితే నవ్వి, ‘ఇలాంటి వాటికి రసీదులు ఉంటాయా బాబూ’ అన్నాడు. ఆ ఒక్క మాట నన్ను కాపాడింది. టీ పూర్తిగా తాగి వచ్చేశాను.

తర్వాత నేను మొదటి ఏడాది చదువుతూనే ప్రవేశ పరీక్ష మళ్ళీ రాశాను. ఇప్పుడు నీకు ఒక సౌకర్యం ఉంది. ఇంటర్ మార్కుల వెయిటేజీ ఎత్తేశారు కాబట్టి ఎప్‌సెట్‌లోని 160 ప్రశ్నల్లో ఎన్ని వచ్చాయన్నదే లెక్క, లెక్కల్లో 80, ఫిజిక్స్, కెమిస్ట్రీ చెరో 40. నాకు ర్యాంకు మెరుగైంది. కూకట్‌పల్లి రాలేదు గానీ హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీ వచ్చింది. పాత కాలేజీ, పేరు చెప్పను, సర్టిఫికెట్లు ఇవ్వడానికి నెలన్నర తిప్పింది. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ కాగితం ప్రింటు తీసి బల్ల మీద పెట్టాక కదిలారు.

ఇప్పుడు అసలు సంగతి. మాది హయత్‌నగర్. కాలేజీ బాచుపల్లి. హైదరాబాద్ కాలేజీ అంటే ఆబిడ్స్‌లో ఉంటుందా? బాచుపల్లి, మైసమ్మగూడ, ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం. రోజూ పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. జిల్లా హాస్టల్లో ఉన్నప్పుడు సాయంత్రం నాలుగున్నరకు నా రోజు నా చేతిలో ఉండేది. ఇక్కడ నాలుగున్నరకు కాలేజీ బస్సు కిటికీకి తల ఆనించి నిద్రపోయేవాడిని. ఒక ఏడాది వెనక్కి వెళ్ళాను, మా బ్యాచ్ వాళ్ళు నాకు సీనియర్లయ్యారు.

అయినా పశ్చాత్తాపం ఉందా అంటే లేదు. నాకు కావలసిన బ్రాంచి వచ్చింది. నీకు బ్రాంచి ఇప్పటికే ఇష్టమైనదైతే లెక్క మారుతుంది.

నిజాంపేట అమ్మ (సోమవారం, మధ్యాహ్నం 2:10)

బాబూ, నేను చదువుకున్నది డిగ్రీ వరకే, నిబంధనలు తెలియవు. మా అమ్మాయి నాలుగేళ్ళ క్రితం ఇలాగే జిల్లాలోని కాలేజీలో చేరింది. ‘ఒక్క ఏడాది ఓర్చుకో, ఏదో ఒకటి చేద్దాం’ అన్నది నేనే. ఆ మాట అనకుండా ఉండవలసింది. అది దానికి ఒక ఏడాదిని విశ్రాంతి గదిలా మార్చేసింది. ప్రతి శుక్రవారం ఏడున్నరకు ఇంట్లో ఉండేది. ఆదివారం సాయంత్రం బ్యాగు సర్దుతుంటే ఇద్దరం మాట్లాడుకునేవాళ్ళం కాదు.

రెండో ఏడాది వినాయక చవితి తర్వాత ఒక శుక్రవారం ఫోను చేసి ఈ వారం రానంది. గదిలో అమ్మాయికి జ్వరమట, జావ కాచి ఇస్తోందట. నేను అప్పటికే పులిహోర కలిపేశాను. మేమిద్దరమే రెండు రోజులు తిన్నాం. కోపం వచ్చిందనుకోండి. తర్వాత ఎప్పుడో అర్థమైంది.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు అమ్మను కూడా కూర్చోబెట్టుకో.

మాసాబ్‌ట్యాంక్ 83 (సోమవారం, సాయంత్రం 5:30)

మెయిన్ క్యాంపస్ అనే మాట చదివి నవ్వు వచ్చింది. పాతవాడిని కాబట్టి కొంచెం సాగదీస్తాను, క్షమించండి.

ఈ కూకట్‌పల్లి కాలేజీ పుట్టినప్పుడు దాని పేరు నాగార్జునసాగర్ ఇంజినీరింగ్ కాలేజీ. 1965లో మొదలైంది. 1972లో విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు అందులో భాగమైంది. కాకినాడ, అనంతపురం ఇంజినీరింగ్ కాలేజీలూ అప్పుడు అందులోనే ఉండేవి, 2008లో ఎవరి విశ్వవిద్యాలయం వాళ్ళదైంది. 1984 దాకా మా కాలేజీ మాసాబ్‌ట్యాంక్‌లో తాత్కాలిక వసతిలో నడిచింది. నేను 1983లో అక్కడే బయటపడ్డాను. మా తర్వాతి వాళ్ళను కూకట్‌పల్లికి పంపుతున్నారంటే అందరం జాలిపడ్డాం. ఊరి అవతల, రాళ్ళూ తుప్పలూ, సాయంత్రం దాటితే బస్సు కోసం పడిగాపులు. మా తమ్ముడి స్నేహితుడు ఒకడు మాసాబ్‌ట్యాంక్‌లోనే ఉండిపోయే మార్గం ఉందా అని ఆఫీసు చుట్టూ తిరిగాడు. నీ ప్రశ్నే, దిశ మాత్రం తిరగబడింది.

నీ బస్సు దాటిపోయే కందిలోని ఐఐటీ కూడా అంతే. 2008లో మొదలైనప్పుడు దానికి సొంత చోటు లేదు, ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో నడిపారు. 2015లో గానీ కందికి రాలేదు.

జీతం ముఖ్యం (సోమవారం, సాయంత్రం 6:02)

సార్, మీ జ్ఞాపకాలు బాగున్నాయి. కానీ 1983లో ఇంజినీరింగ్ కాలేజీలు ఎన్ని, ఇప్పుడెన్ని? ఏ చోటైనా ఒకటేనని పెద్దలు చెప్పడం సులువు. మూడో ఏడాది చివర కంపెనీల వాళ్ళు ఎక్కడికి వస్తారన్నది ఈ కుర్రవాడి అసలు భయం. ఎక్కువ కంపెనీలు నగరం దాటి రావు. జిల్లా పిల్లలు పూల్ డ్రైవ్ (పలు కాలేజీల వాళ్ళకు కలిపి ఒకే చోట పెట్టే ఉద్యోగ ఎంపిక) అని తెల్లవారుజామున బస్సెక్కి నగరానికి రావాలి. అదే పరీక్షకు పక్క హాస్టల్ నుంచి పళ్ళు తోముకుని వచ్చినవాడితో పోటీ పడాలి. పట్టా మీద విశ్వవిద్యాలయం పేరు ఒకటే కావచ్చు, ఆ ఉదయం మాత్రం ఒకటి కాదు.

మాసాబ్‌ట్యాంక్ 83 (సోమవారం, సాయంత్రం 6:40)

ఒప్పుకుంటాను. మా రోజుల్లో ఉద్యోగం ఉత్తరంలో వచ్చేది. ఆ తేడా నేను తూకం వెయ్యలేదు.

పెన్సిల్వేనియా పిన్ని (సోమవారం, రాత్రి 11:20)

నేను అమెరికాలో పాతికేళ్ళుగా ఉంటున్నా చదువుకున్నది నారాయణగూడలోనే, అందుకని కలగజేసుకుంటున్నాను. ఇక్కడ శాటిలైట్ క్యాంపస్, అంటే మెయిన్ క్యాంపస్‌కు దూరంగా ఉండే శాఖ, వేరే ఏర్పాటు. పెన్ స్టేట్ (పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ) తీసుకోండి. మెయిన్ క్యాంపస్ యూనివర్సిటీ పార్క్‌లో ఉంది, రాష్ట్రమంతా శాఖా ప్రాంగణాలు. రెండేళ్ళు ఇంటి దగ్గర శాఖలో, మిగతా రెండేళ్ళు యూనివర్సిటీ పార్క్‌లో. దీన్ని టూ ప్లస్ టూ అంటారు. మా అక్క కొడుకు ఈ దారిలోనే వెళ్ళాడు. అక్కడ మారడం అంటే ఎవరినో బతిమాలడం కాదు, చేరిన రోజే దారి గీసి ఉంటుంది. అయినా కోరుకున్న మేజర్‌లోకి (మన బ్రాంచి లాంటిది) వెళ్ళాలంటే దానికి చెప్పిన కోర్సులు, మార్కులు ఉండాలి. వాడు కాల్‌క్యులస్ రెండుసార్లు చేశాడు.

అన్నీ బాగున్నాయని కాదు. 2025 మే నెలలో ఆ విశ్వవిద్యాలయం ట్రస్టీలు ఏడు శాఖలను 2027 వసంత సెమిస్టర్ తర్వాత మూసెయ్యాలని తీర్మానించారు. ఊళ్ళో పిల్లలు తగ్గితే శాఖ ఎండిపోతుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన పిల్లలు అంతర్జాలంలో అక్కడి కబుర్లు చదివి, ‘రెండో ఏడాదిలో మారిపోతారట’ అని మన కాలేజీలకు అన్వయించుకుంటున్నారు. ఆ సీనియర్ మాటకు మూలం ఇదేనేమో అని నా అనుమానం.

మియాపూర్ డిపో (మంగళవారం, ఉదయం 8:15)

అయితే మనవాడికి టూ ప్లస్ టూ లేదు, రెండున్నర ప్లస్ రెండున్నర మాత్రం ఉంది. మియాపూర్ నుంచి బస్సులో పోను, రాను పట్టే గంటలు.

గేటు బయట (మంగళవారం, ఉదయం 10:45)

బాల్కనీ తమ్ముడూ, నేను ఆ రోడ్డు మీద నాలుగేళ్ళు తిరిగినవాడినే. కందిలో ఐఐటీ గేటు ముందు బస్సు కొంచెం నెమ్మదిస్తుంది. నేను ప్రతిసారీ కిటికీ వైపు కూర్చునేవాడిని. ఎడమ వైపా కుడి వైపా అన్నది ఎక్కేటప్పుడే లెక్క వేసుకుని. సెక్యూరిటీ గదిలో ఒకాయన ఎప్పుడూ టీ ఫ్లాస్కు పక్కన పెట్టుకుని రిజిస్టరు రాస్తూ ఉండేవాడు. ఆయన ముఖం నాకు మా హెచ్‌ఓడీ ముఖం కన్నా బాగా గుర్తు.

మొదటి ఏడాది నేనూ మారడం గురించే ఆలోచించాను. ఎంటెక్ ప్రవేశానికి పనికొచ్చే గేట్ పరీక్షను మూడో ఏడాదిలో ఉన్నప్పుడే రాయవచ్చని తెలిసింది. మూడో ఏడాదిలో ఒకసారి రాసి చతికిలబడ్డాను. నాలుగో ఏడాదిలో స్కోరు వచ్చింది. ఆ స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. ఎంటెక్‌కి అదే కందిలో సీటు. నెలకు 12,400 రూపాయలు స్టైపెండు. చేరిన రోజు ఆ రిజిస్టరులో నేను సంతకం పెట్టాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు, ఎందుకు గుర్తుపడతాడు, నేను బస్సులోని ఒక తలను మాత్రమే.

నీకు చెప్పదలచుకున్నది ఒక్కటే. సీటు మధ్యలో మారకపోవచ్చు, చదువు అయ్యాక మారుతుంది. కానీ గేట్‌కి సిగ్నల్స్ కావాలి, నెట్‌వర్క్స్ కావాలి. అవి రెండో ఏడాదిలో చెప్తారు. ఆ ఏడాది నువ్వు మనసులో కూకట్‌పల్లిలో ఉంటే ఆ పాఠాలు ఎవరూ నీకు మళ్ళీ చెప్పరు. నెట్‌వర్క్స్ నేను తర్వాత ఎన్‌పీటెల్ (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు) వీడియోల్లో ఒంటరిగా నేర్చుకోవలసి వచ్చింది, అందుకే మొదటిసారి చతికిలబడ్డాను.

ఇప్పుడు ప్రవేశ పరీక్ష మళ్ళీ రాయాలనే ఉంటే దానికీ గడువు ఉంది. ఎన్‌ఐటీల లాంటి వాటికి రాసే జేఈఈ మెయిన్‌ను ఇంటర్ పాసైన ఏడాది, ఆ తర్వాత రెండేళ్ళు రాయవచ్చు, ఏడాదికి రెండు విడతలు. ఐఐటీలకు రాసే అడ్వాన్స్‌డ్ అయితే వరసగా రెండేళ్ళలో రెండుసార్లే. రాయి. రాస్తూ హాజరు 75 శాతం కన్నా తగ్గనియ్యకు. రెండు పడవల్లో కాలు పెట్టినవాడు రెండూ మునగకుండా చూసుకోవాలి.

రూలు పుస్తకం (మంగళవారం, ఉదయం 11:30)

ఒక్కటి కలుపుతాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటున్నట్లయితే, కోర్సు వదిలి మళ్ళీ మొదటి ఏడాదిలో చేరితే అర్హత ఏమవుతుందో సీటు రద్దు చేసుకునే ముందే ఈ-పాస్ (ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల విభాగం) అధికారుల దగ్గర కనుక్కోండి. స్నేహితుల మాట మీద వెళ్ళకండి. నా మాట మీద కూడా.

నిర్వాహకులు (మంగళవారం, మధ్యాహ్నం 12:10)

కన్సల్టెంట్ల పేర్లు, ఫోను నంబర్లు అడుగుతూ వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాం. కాలేజీల పేర్లు పెట్టి పోట్లాడుకున్న మరో నాలుగు కూడా పోయాయి. కొనసాగించండి.

బాల్కనీ కుర్రాడు (మంగళవారం, రాత్రి 11:50)

మాట్లాడాను. అమ్మను కూడా కూర్చోబెట్టాను.

నాన్న ఎక్కువ మాట్లాడరు. అంతా విని, ‘నీకు ఆ బ్రాంచి ఇష్టమేనా’ అని అడిగారు. ఇష్టమే అన్నాను. ‘అక్కడ భోజనం?’ బాగానే ఉంటుందన్నాను. ‘మరి ఏది బాగాలేదు?’ నాకు వెంటనే జవాబు దొరకలేదు. బాల్కనీ తలుపు తీసి ఉంది, మెట్రో పోతున్న చప్పుడు వినిపించింది. ‘ఇక్కడి నుంచి కనిపిస్తుంది కదా, అదే’ అన్నాను. నాన్న లేచి తలుపు వేసి వచ్చి కూర్చున్నారు. దోమలు వస్తున్నాయని వేశారో, ఇంకెందుకు వేశారో తెలియదు. అమ్మ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

ఏప్రిల్ విడత మెయిన్ రాస్తాను. ఫలితం ఎలా ఉన్నా సీటు మాత్రం ఇప్పుడే వదలను. ఇంతవరకే తేలింది.

జీతం ముఖ్యం (బుధవారం, ఉదయం 6:50)

వదలకపోవడం మంచిదే. పూల్ డ్రైవ్‌ల సంగతి మాత్రం మూడో ఏడాదిలో మర్చిపోవద్దు. ముందు రోజు రాత్రికే కేపీహెచ్‌బీ చేరుకో. అందరికీ నగరంలో ఇల్లు ఉండదు, నీకుంది. బాల్కనీ అప్పుడు పనికొస్తుంది.

రెండుసార్లు ఫ్రెషర్ (బుధవారం, ఉదయం 7:30)

ఆ గదిలో ముగ్గురిని కూడా తీసుకెళ్ళు. నాలుగు చాపలు చాలు.

బాల్కనీ కుర్రాడు (నెల తర్వాత, శనివారం, రాత్రి 8:05)

ఈ వారం ఇంటికి వెళ్ళలేదు. మిడ్ పరీక్షలు. ఉల్లిపాయలు కిటికీ గట్టు మీదికి మారాయి. కెటిల్ మాత్రం నా అరలోనే ఉంది, ప్లగ్గు అక్కడే దగ్గర కాబట్టి. పుస్తకాలు దాని పక్కన సర్దాను. పెట్టె ఖాళీ అయింది, ఇప్పుడు అందులో మా గది నలుగురివీ చలికాలం దుప్పట్లు ఉన్నాయి.

ఒక చిన్న సాయం కావాలి. హాస్టల్లో దోమలు విపరీతంగా ఉన్నాయి. సంగారెడ్డిలో దోమతెర ఎక్కడ దొరుకుతుంది? ఇన్నాళ్ళూ శని, ఆదివారాలు ఇక్కడ ఉండలేదు కాబట్టి కొనలేదు.

మియాపూర్ డిపో (శనివారం, రాత్రి 8:20)

పాత బస్టాండ్ దగ్గర బట్టల కొట్లలో అడుగు. నాలుగు మూలలా తాడు కట్టే రకం తీసుకో. గొడుగులా వేలాడే రకం తీసుకుంటే ఫ్యాను రెక్కకు చుట్టుకుంటుంది. మంచం కొలత రాసుకుని వెళ్ళు.